యాస ఎవరి నోటి నుంచి వస్తుంది?

ఏరా బావా,

నీ ఉత్తరం అందింది. పట్నాల్లో యాసలన్నీ టీవీ వల్లే చెరిగిపోతున్నాయని గట్టిగానే రాశావు. నేను ఒప్పుకోను. టీవీ నాలుగు కొత్త మాటలు అంటిస్తుంది, నిజమే. కానీ అచ్చుల్ని పలికే తీరు మాత్రం ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి నుంచే వస్తుందని నా నమ్మకం.

1970ల్లో లెస్లీ మిల్‌రాయ్ అనే భాషాశాస్త్రవేత్త ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో మూడు కార్మికవాడల్లో తిరిగింది. బాలీమకారెట్, హామర్ ప్రొటెస్టెంట్లవి, క్లోనార్డ్ కేథలిక్కులది. ఆ రెండు క్రైస్తవ వర్గాల మధ్య కాల్పులూ బాంబులూ నడుస్తున్న రోజులు. ముక్కూ మొహం తెలియనివాళ్లు టేప్‌రికార్డర్ పెడితే ఎవరు నోరు విప్పుతారు? అందుకే ఆవిడ ఫలానావాళ్ల స్నేహితురాలినని చెప్పుకుని ఇళ్లల్లో అడుగుపెట్టింది. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరికీ 0 నుంచి 5 దాకా మార్కులు వేసింది: వాడలో చుట్టాలున్నారా, పనిలో వాడవాళ్లే తోడున్నారా, పని అయ్యాక కూడా వాళ్లతోనే గడుపుతారా అని. అందరూ కార్మికులే. అయినా మొత్తమ్మీద మార్కులు ఎక్కువున్నవాళ్ల నోట్లోనే వాడ యాస చిక్కగా పలికింది. డబ్బూ చదువూ చూస్తే చాలు, యాస చెప్పేయొచ్చు అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

అసలు చిక్కుముడి వేరే ఉంది. 'ఆ' లాంటి ఒక అచ్చును నోట్లో వెనక్కి లాగి పలకడం తూర్పు బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్ల దగ్గర బలంగా ఉండేది. అదే పలుకు పడమటి క్లోనార్డ్‌లోని కేథలిక్ ఆడపిల్లల నోట్లోనూ వినిపించింది, అదీ వాళ్ల వయసు మగపిల్లల కంటే ఎక్కువగా. రెండు వాడలకీ రాకపోకలే లేవే! 1985లో లెస్లీ, ఆవిడ భర్త జేమ్స్ కలిసి దీనికి జవాబు రాశారు. ఆ ఆడపిల్లలు పనిచేసింది నగరం నడిబొడ్డున, ఇరుపక్షాల జనమూ వచ్చే దుకాణంలో. బేరం, పలకరింపు, అంతే. అంత పల్చటి పరిచయం చాలింది. గ్రానోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లోనే అన్నాడు, కొత్త కబురు మనకు దగ్గరివాళ్ల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా చేరుతుందని. పలుకూ అలాగే వాడ దాటుతుందన్నమాట. దాటాక నిలవాలంటే మాత్రం లోపల ఒకరినొకరు అంటిపెట్టుకున్న గుంపు దాన్ని తనదిగా చేసుకోవాలి. ఆ ఆడపిల్లలకు రెండూ ఉన్నాయి: బయట దుకాణం, లోపల విడదీయరాని స్నేహాలు.

ఇంకొకటి. 1980ల్లో పెనెలోప్ ఎకర్ట్ అనే భాషాశాస్త్రవేత్త అమెరికాలోని డెట్రాయిట్ నగర శివారులోని ఒక హైస్కూల్లో పిల్లల మాట రికార్డు చేసింది. ఒకే బడి, అవే పాఠాలు. అయినా చదువూ బడి కార్యక్రమాలే లోకంగా ఉన్న పిల్లల కంటే, నగరంతో సంబంధాలు పెట్టుకున్న పిల్లలే నగరపు కొత్త అచ్చుల్ని ముందు అందుకున్నారు. మరి టీవీయే కారణమైతే ఇద్దరూ ఒకేలా మాట్లాడాలి కదరా?

అందుకే, వలస వచ్చి రెండు యాసలు కలిపి మాట్లాడే మనిషిని "నీది ఏ భాషా కాదు" అని ఎవరైనా వెక్కిరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు గుంపుల మధ్య నిలబడి మాటను అటూ ఇటూ చేరవేసేది అలాంటివాళ్లే.

నువ్వొక పని చెయ్యి. మీ ఆఫీసులో రోజూ అందరితోనూ రెండేసి మాటలు మాట్లాడేవాళ్లెవరో, తమ గుంపు దాటనివాళ్లెవరో నెల రోజులు చెవిపెట్టి విను. కొత్త పలుకు ముందు ఎవరి నోట్లో దొరికిందో రాయి. టీవీ సంగతి అప్పుడు తేల్చుకుందాం.

నీ
బావ