సిమెంటు అతుకులు

లివర్‌పూల్
ఆదివారం రాత్రి

నాన్నా,

నేను కులాసా. మోకాళ్ళే మాట వినట్లేదు. ముప్పై ఏళ్ళు తాపీ పట్టుకుని నేలమీద గొంతుక్కూర్చున్నవాడివి, నీకు చెప్పాలా!

ఇప్పుడు ఓ పాత చర్చిలో నేల బాగు చేస్తున్నాం. "రంగు పోయిన టైల్సేనా?" అన్నావు ఫోన్లో. రంగు వేస్తే కదా పోవడానికి! ఎర్రమట్టి పలకలో ముగ్గుని గుంటగా అచ్చొత్తి, తెల్లమట్టిని చిక్కటి మజ్జిగలా కలిపి అందులో పోస్తారు. కాస్త ఆరాక పైన గీకితే పువ్వు తేలుతుంది. అప్పుడు కాలుస్తారు. పువ్వు పైపూత కాదు, లోపలిదాకా మట్టే. అందుకే ఇన్నేళ్ళు బూట్లు తొక్కినా చెరగలేదు.

స్టోక్ అనే ఊళ్ళో మింటన్ కంపెనీవాళ్ళు చేసేవాళ్ళు ఇలాంటివి. ఇక్కడి సెయింట్ జార్జ్ హాల్లో వాళ్ళవే ముప్పైవేల దాకా ఉన్నాయి. 1854లో తెరిచిన హాలు. తర్వాత డాన్సులకని పైన చెక్కనేల పరిచేశారు, ఆ పుణ్యమా అని నిన్న పరిచినట్టున్నాయి. చెక్కలు ఎప్పుడో గానీ తియ్యరు. సెలవు పెట్టి మరీ వెళ్ళి చూశాను.

మా చర్చికి అంత రాత లేదు. మధ్యలో ఎవరో మహానుభావుడు ఊడిన చోటల్లా సిమెంటుతో అతికాడు. సున్నంలో కూర్చున్న పలక, ఉలి ఆనిస్తే చాలు, చేతికొచ్చేస్తుంది. సిమెంటు పలకకంటే మొండిది, అది వదలదు, పలకే విరుగుతుంది. మంగళవారం నా చేతిలోనే ఒకటి పుటుక్కుమంది. ఆ పూట అన్నం సయించలేదు. కొత్తది చేయించవచ్చుగా అంటావు. ఆరి, కాలేసరికి మట్టి పదోవంతు దాకా కుంచించుకుపోతుంది. పలకల మధ్య సందేమో గోరు పట్టనంత. వెంట్రుకవాసి తేడా వచ్చినా వరసంతా తప్పుతుంది. అందుకే ముక్కలే అతికి పెట్టాం, కింద సున్నం వేసి.

గుళ్ళో నాపరాళ్ళు యాసిడ్ పోసి కడుగుతున్నారని అమ్మ చెప్పింది. ఆపించు. నాపరాయీ సున్నపురాయే కదా, యాసిడ్ సందుల్నీ రాళ్ళనీ కలిపి తినేస్తుంది.

తాతయ్య సున్నం ఎన్నాళ్ళు నాననిచ్చేవాడు? నెల అని మా మేస్త్రితో పందెం కాశాను. పెరట్లో ఆ సున్నం నూరే గానుగరాయి ఎవరికో ఇచ్చేస్తానంటున్నాడట తమ్ముడు. నేనొచ్చేదాకా కదపనివ్వకు.

నీ
చిన్నోడు