రైతు ఇష్టపడి చేరితేనే నీళ్లు బాగుపడతాయి

సంపాదకుడు గారికి,

పొలాల్లోని ఎరువు, మట్టి నీళ్లలో కలవకుండా చూసి నీటి నాణ్యతను కాపాడే స్వచ్ఛంద పథకంలో చేరిన రైతును. తోటి రైతులను కూడా చేరమంటే ముందు వచ్చే మాట ఒకటే: ‘ఈరోజు పేరు రాసుకుంటారు, రేపు జరిమానా వేస్తారు.’ ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పరీక్షల వివరాలు ఎవరికి చూపిస్తారు, మధ్యలో మానుకోవచ్చా అని గట్టిగా అడగండి. సరైన జవాబు రాకపోతే సంతకం పెట్టొద్దు. వస్తే మాత్రం వెనకాడొద్దు.

ఎరువు నీళ్లలో కొట్టుకుపోతే పోయేది మన పెట్టుబడే. యూరియాలో 46 శాతం నత్రజని. పైరు తీసుకోగా మిగిలినది నైట్రేట్‌గా మారి నీళ్లతో పాటు భూమిలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాటితే ముప్పు ముఖ్యంగా సీసాపాలు తాగే పసిబిడ్డలకు. భాస్వరం దారి వేరు, అది ఎక్కువగా మట్టిని అంటిపెట్టుకుని వాగులో కలుస్తుంది. దాంతో నాచు పెరిగి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి.

నా చేను దిగువ అంచున కొంత మేర దున్నకుండా గడ్డి పెంచాను. పెద్ద వానలో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. బురదగా ఉరికొచ్చిన నీళ్లు గడ్డిలోకి రాగానే నెమ్మదిస్తాయి, ఒండ్రు దుబ్బుల మొదళ్లలో ఆగిపోతుంది. నీళ్లు ఒకేచోట గండి కొట్టుకుని పోతుంటే మాత్రం గడ్డి ఉన్నా లేనట్టే, వెంటనే పూడ్చాలి. నైట్రేట్‌కు గడ్డి ఒక్కటే చాలదు. భూసార పరీక్ష చేయించి, ఎరువును విడతలుగా వేయాలి. భారీ వాన వచ్చేలా ఉంటే ఆగాలి.

అయితే గడ్డికి వదిలిన నేలలో పంట రాదు. ఆ నష్టమంతా రైతే మోయాలనడం అన్యాయం. 1990ల్లో న్యూయార్క్ నగరం తనకు నీళ్లిచ్చే ఎగువ ప్రాంత రైతులతో ఇలాంటి పథకమే పెట్టుకుంది. చేరడం రైతు ఇష్టం, పనుల ఖర్చు నగరానిది. ఆ ఎగువ నీళ్లకు భారీ ఫిల్టర్ ప్లాంటు కట్టే అవసరం తప్పడానికి అదీ ఒక కారణం. దిగువన తాగేవాళ్లు ఖర్చు పంచుకుంటే ఎగువ రైతు ఎందుకు కాదంటాడు?

పథకం నడిపేవాళ్లు విత్తనాలు వేయకముందే రావాలి. మీటింగ్ ఆఫీసులో కాకుండా, చేరిన రైతు చేనులో పెట్టాలి. షరతులు, సాయం వివరాలు సీజన్‌కు ముందే మీ వ్యవసాయ పేజీలో వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు