మంత్రిగారూ, మా షేర్లకు బయటికి దారేది?

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అర్జీలు పెట్టాను. పోర్టల్‌లో ఫిర్యాదులు నమోదు చేశాను. గుర్తుచేస్తూ మళ్లీ మళ్లీ రాశాను. ప్రతిసారీ ఒక రసీదు నంబరు వస్తుంది, 'సంబంధిత విభాగానికి పంపాం' అని ఒక ముక్క వస్తుంది, కొన్నాళ్లకు 'పరిష్కారమైంది' అని ఫిర్యాదు మూసేస్తారు. ఏం పరిష్కారమైందో నాక్కూడా చెబితే నేనూ సంతోషించేవాణ్ని. అందుకే ఈసారి కవరు అతికించకుండా రాస్తున్నాను.

ఏళ్ల తరబడి నిద్రపోతున్న ఒక లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన) కంపెనీలో నేను చిన్న వాటాదారుణ్ని. దానికి వ్యాపారం లేదు, ఉద్యోగులు లేరు. యంత్రాలు ఎప్పుడో అమ్ముడైపోయాయి. ఇప్పుడు బయటి ప్రైవేటు కంపెనీ ఒకటి ఇందులో విలీనమై, ప్రజలకు తొలిసారి షేర్లు అమ్మే ఐపీఓ బాదరబందీ లేకుండా ఎక్స్ఛేంజీ గడప తొక్కాలని చూస్తోంది. దీన్నే రివర్స్ మెర్జర్ అంటారని మీకు నేను చెప్పక్కర్లేదు. వచ్చే కంపెనీ మంచిదే కావచ్చు, దాని మీద నాకు కోపం లేదు. ఇన్నేళ్ల నిద్రకైన ఖర్చు చివరికి ఎవరి నెత్తిన రుద్దుతున్నారన్నదే నా గోడు.

వార్షిక నివేదికలోంచి ఒక్క పేజీ మీ ముందు పెడతాను. 'కార్యకలాపాల ఆదాయం' అన్నచోట చిన్న గీత. పక్క గడిలో నిరుటి లెక్క, అక్కడా గీతే. ఖర్చుల్లో మాత్రం లిస్టింగ్ ఫీజు, ఆడిట్ ఫీజు, డిపాజిటరీ చార్జీలు, ఫైలింగ్ ఆలస్యానికి అదనపు ఫీజు, ఎక్స్ఛేంజీ జరిమానా అన్నీ వరసగా కనిపిస్తాయి. ఆస్తుల వైపు బ్యాంకులో కాస్త నిల్వ, ఇక రాదని అందరికీ తెలిసిన ఒక పాత అడ్వాన్సు. అప్పుల వైపు ఒకే ఒక్క లైను ఏటా లావెక్కుతుంటుంది: కంపెనీ పగ్గాలు పట్టుకున్న ప్రమోటర్ దగ్గర తీసుకున్న అన్‌సెక్యూర్డ్ లోన్, అంటే తాకట్టు లేని అప్పు. కింద నోట్‌లో 'వడ్డీ లేదు, అడిగినప్పుడు చెల్లించాలి' అని ఉంటుంది. కంపెనీ మనుగడపై తీవ్ర అనిశ్చితి ఉందని ఆడిటర్ గారు ఏటా ఒక పేరా రాస్తారు, ఆ కారణంగా తమ అభిప్రాయాన్ని మార్చుకోవడం లేదని దాని కిందే ఇంకో ముక్క చేరుస్తారు. తేదీ మారుతుంది, పేరా మారదు.

ఈ లోన్ సంగతే మీరు కాస్త ఓపిగ్గా వినాలి.

వార్షిక రిటర్నూ ఆర్థిక నివేదికా గడువులోగా దాఖలు చేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు ఫీజు. 2018 జులై నుంచి దానికి పైహద్దు కూడా లేదు. రెండు ఫారాలూ ఏడాదంతా ఆగితే 73,000 రూపాయలు. ఎక్స్ఛేంజీ వైపు చూస్తే ఫలితాలు ఇవ్వకపోతే రోజుకు 5,000, షేర్‌హోల్డింగ్ వివరాలు ఇవ్వకపోతే రోజుకు 2,000, వార్షిక నివేదిక పంపకపోతే ఇంకో 2,000. ఒక్క త్రైమాసిక ఫలితాలు 90 రోజులు ఆలస్యమైతే నాలుగున్నర లక్షలు, జీఎస్టీ అదనం. ప్రమోటర్లను దారిలో పెట్టడానికే ఈ జరిమానాలు పెట్టారని నాకు తెలుసు. కానీ మంత్రిగారూ, బిల్లు వచ్చేది కంపెనీ పేరు మీద. కంపెనీ దగ్గర కట్టేంత డబ్బు లేదు. అప్పుడు ప్రమోటర్ తన జేబులోంచి కట్టి, అది కంపెనీకి తానిచ్చిన అప్పుగా రాసుకుంటాడు. తప్పు చేసింది ఆయన, జరిమానా పడింది కంపెనీకి, బాకీదారుగా తేలింది మేము. ప్రమోటర్‌ను శిక్షించబోయి ఆయన పద్దు పెంచుతున్న ఈ వ్యవస్థను ఎవరు రూపొందించారోగానీ, ప్రమోటర్లు వారికి శాలువా కప్పాల్సిందే.

నిద్రాణ కంపెనీ హోదా తీసుకుంటే ఖర్చు తగ్గేది కదా అని మీ అధికారులు అనవచ్చు. కంపెనీల చట్టం 455వ సెక్షన్, దాని నియమాలు నేనూ చదివాను. ఏ ఎక్స్ఛేంజీలోనూ లిస్టయి లేని కంపెనీకే ఆ హోదా. లిస్టయినవాటికి నిద్ర వచ్చినా నిద్రపోయే హక్కు లేదు. కళ్లు తెరుచుకుని కూర్చోవాలి, మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇక మాకు చూపించిన ముసాయిదా స్కీము, అంటే విలీన ప్రణాళిక సంగతి. ముందు మూలధనం తగ్గిస్తారట. 10 రూపాయల ముఖవిలువను 1 రూపాయి చేసి, అలాంటివి పదింటిని కలిపి మళ్లీ 10 రూపాయల షేరు ఒకటి చేస్తారు. వెయ్యి షేర్లున్నవాడికి వంద మిగులుతాయి. పేరుకుపోయిన నష్టాలన్నీ ఆ కోతతో తుడిచేస్తారు, బ్యాలెన్స్ షీట్ తళతళలాడుతుంది. ప్రమోటర్ షేర్లకూ అదే కోత కాబట్టి అంతా సమానమే అంటున్నారు. సమానమే, కాదనను. కానీ ఆయన అప్పుకు కోత లేదు. కోత అయ్యాక అదే స్కీములో ఆ అప్పు మొత్తం కొత్త ముఖవిలువ లెక్కన షేర్లుగా మారుతుంది. ఆ తర్వాత వచ్చే కంపెనీ యజమానులకు స్వాప్ రేషియో (షేర్ల మార్పిడి నిష్పత్తి) ప్రకారం గంపగుత్తగా షేర్లు ఇస్తారు. అన్నీ అయ్యాక మా వాటా ఎంతో చూడాలంటే దశాంశ బిందువు తర్వాత వెతుక్కోవాలి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

వద్దంటే అభ్యంతరం చెప్పుకోవచ్చు కదా అంటారు. ఎలా చెప్పుకోవాలి? 230వ సెక్షన్ ప్రకారం స్కీముకు అభ్యంతరం చెప్పాలంటే కనీసం 10 శాతం వాటా ఉండాలి, లేదా మొత్తం అప్పుల్లో 5 శాతమైనా మనకు రావాల్సి ఉండాలి. చిన్న వాటాదారులందరం కలిసినా పది శాతం చేరడం గగనం. ఆ ఐదు శాతం అప్పున్నవాడు మాత్రం మా కంపెనీలో తప్పకుండా ఉన్నాడు, ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. స్కీము నెగ్గడానికి ఓటేసినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుని, విలువ లెక్కన నాలుగింట మూడు వంతుల ఓట్లు పడితే చాలు. ఇలాంటి విలీనాల్లో ప్రమోటర్లు కాని ప్రజా వాటాదారుల ఓట్లు విడిగా లెక్కపెట్టాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది, విలీనం తర్వాత పాత ప్రజా వాటాదారులకూ, వచ్చే కంపెనీలోని పెద్ద సంస్థాగత మదుపరులకూ కలిపి కనీసం 25 శాతం ఉండాలనీ చెప్పింది. మంచివే. అయితే లెక్కకొచ్చేది పోలైన ఓట్లు మాత్రమే. ఈ-ఓటింగ్ సమాచారం వెళ్లేది రికార్డులో ఉన్న చిరునామాకో ఈమెయిలుకో. మా కంపెనీలో చాలామంది చిరునామాలు షేర్లు కొన్ననాటివి. ఇక 'ప్రజా వాటాదారులు' అనే గుంపులో స్కీముకు కాస్త ముందు ప్రిఫరెన్షియల్ అలాట్‌మెంట్‌లో (ఎంపిక చేసినవాళ్లకే షేర్లివ్వడం) చేరిన కొత్త ముఖాలూ ఉంటాయి. వాళ్లు ఎటు ఓటేస్తారో చెప్పడానికి జ్యోతిష్యం రానక్కర్లేదు.

పోనీ, అమ్ముకుని పోదామా? బయటివాడెవడైనా లిస్టెడ్ కంపెనీలో 25 శాతం కొంటే, మిగతావాళ్ల దగ్గర కనీసం 26 శాతం కొనడానికి ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. 2011 టేకోవర్ నిబంధనల్లో నాకు నచ్చిన మాట అదొక్కటే. కానీ అదే పగ్గాలు కంపెనీ లా ట్రైబ్యునల్ ఆమోదించిన స్కీము ద్వారా చేతులు మారితే ఆ ఆఫర్ అక్కర్లేదు, మినహాయింపు ఉంది. ఇంకా విడ్డూరం కంపెనీల చట్టం 232వ సెక్షన్‌లో ఉంది. లిస్టెడ్ కంపెనీ పోయి అన్‌లిస్టెడ్ కంపెనీలో కలిస్తే, ఉండడం ఇష్టంలేని వాటాదారుకు విలువ కట్టి డబ్బు చెల్లించి పంపించే ఏర్పాటు చేయవచ్చని రాసి ఉంది. అంటే చట్టానికి ఆ ఆలోచన తట్టింది. అన్‌లిస్టెడ్ వచ్చి లిస్టెడ్‌లో కలిస్తే మాత్రం ఆ మాట లేదు. షేరు లిస్టయ్యే ఉంది కదా, మార్కెట్లో అమ్ముకోండి అని కాబోలు. మా షేరు సస్పెన్షన్‌లో ఉంది మంత్రిగారూ, ట్రేడింగే ఆపేశారు. ఏ మార్కెట్లో అమ్మాలి?

కాగితం షేర్లున్నవాళ్ల తిప్పలు వేరే. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితం షేర్ల బదిలీ కుదరదు, డీమ్యాట్ చేసుకోవాల్సిందే, అంటే ఎలక్ట్రానిక్ ఖాతాలోకి మార్చుకోవాలి. సరే అని సర్టిఫికెట్లు, ఫారాలు పట్టుకుని బ్రోకర్ దగ్గరికి వెళితే, అతను కంపెనీ తరఫున వాటాదారుల రికార్డులు చూసే షేర్ల రిజిస్ట్రార్‌కు పంపాలి. ఆ సంస్థకు మా కంపెనీ ఏళ్లుగా బిల్లులు కట్టలేదట, సేవలు ఆపేశారు. కాగితాలు వెనక్కి వచ్చాయి. కంపెనీకే రాస్తే రిజిస్టర్డ్ పోస్టు కవరు మీద 'వెళ్లిపోయారు' అని పోస్టుమాన్ ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడు. రిజిస్టర్డ్ ఆఫీసు భవనాన్నీ, లోపల డైరెక్టర్‌నూ చూపించే ఫొటో 2019లో పాత కంపెనీల నుంచి మీ శాఖ అడిగి తీసుకుంది కదా, మా కంపెనీ ఫొటో ఉంటే ఒక కాపీ ఇప్పించండి. ఆ గుమ్మం ఎక్కడుందో నేనూ చూసుకుంటాను.

నాకు తెలిసిన ఒకావిడ ఉన్నారు, పేరు రాయను. భర్త పేరుతో ఈ షేర్లున్నాయి. ఆయన పోయాక తన పేరుకు మార్చుకుందామని మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, నోటరీ అఫిడవిట్ అన్నీ సిద్ధం చేసుకున్నారు. తీసుకునే చెయ్యి లేదు. ఆవిడ పేరు వాటాదారుల పుస్తకంలో ఎక్కదు కాబట్టి ఓటు లేదు. ఓటు లేదు కాబట్టి స్కీము గురించి ఆవిడకు ఎవరూ చెప్పరు. కానీ చనిపోయిన ఆయన షేర్లలో కోత మాత్రం నిఖార్సుగా పడుతుంది, అందులో ఏ పత్రమూ తక్కువ కాదు. నాకైతే పన్ను బాధ కూడా ఉంది. అమ్మితేనే కదా నష్టం నష్టంగా చూపించుకునేది. అమ్మలేను. పోయిన డబ్బు పోయిందని ప్రభుత్వానికి చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. దీన్ని తలుచుకుంటే ఒక్కోసారి టెన్షన్ కన్నా నవ్వే ఎక్కువ వస్తోంది.

డొల్ల కంపెనీల మీద ప్రభుత్వం కన్నెర్ర చేసిన రోజులు మర్చిపోలేదు. 2017లో రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు రిజిస్టర్‌లోంచి కొట్టేశారు. అదే ఏడాది ఆగస్టు 7న 331 లిస్టెడ్ కంపెనీలను అనుమానిత డొల్ల కంపెనీలంటూ ఎక్స్ఛేంజీలు సెబీ ఆదేశంతో నెలకోసారి ట్రేడింగ్‌కు కుదించాయి. జాబితా మీ శాఖ నుంచే వెళ్లింది. కొన్ని కంపెనీలు సెబీ ఆదేశాలపై అప్పీళ్లు వినే ట్రైబ్యునల్‌కు వెళ్లి రోజుల్లోనే స్టే తెచ్చుకున్నాయి. వాటికి లాయర్లున్నారు. ఆ 331లో షేర్లున్న మామూలు మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ తర్వాత 2023 మే 1 నుంచి, మూసేసుకోవాలనుకునే కంపెనీలు త్వరగా బయటపడడానికి సీ-పేస్ అనే ప్రత్యేక కేంద్రం కూడా పెట్టారు. చాలా సంతోషం. కంపెనీ బయటపడడానికి కేంద్రం ఉంది. ప్రమోటర్ బయటపడడానికి రివర్స్ మెర్జర్ ఉంది. వాటాదారు బయటపడడానికి ఏముందో మీరే చెప్పాలి.

మీకు చేతకానిదేమీ అడగడం లేదు. 232లో ఉన్న ఆ ఒక్క మాటను తిరగేసి రాయండి: లిస్టెడ్ డొల్ల కంపెనీలోకి బయటి కంపెనీ వచ్చి విలీనమైనా సరే, ఉండనన్న పాత వాటాదారుకు స్వతంత్ర వాల్యుయర్ కట్టిన విలువ ముందుగా చెల్లించాలని. 'చేయవచ్చు' అని కాదు, 'చెల్లించాలి' అని. ప్రమోటర్ కట్టిన జరిమానాలు, ఆలస్యపు ఫీజులు కంపెనీ అప్పుగా రాసుకోకుండా ఆపండి. అలా రాసుకున్నా, షేర్లకు కోత వేసినప్పుడు ఆ అప్పుకూ అంతే కోత వేయించండి. షేర్ల రిజిస్ట్రార్ బకాయిలు తీర్చి, కాగితం షేర్లు డీమ్యాట్ అయ్యేదాకా, పోయినవాళ్ల షేర్లు వారసుల పేర్లకు మారేదాకా ఓటింగే పెట్టకూడదని చెప్పండి. లిస్టింగ్ హోదా కోసమే కదా వచ్చే కంపెనీ డబ్బు పెడుతోంది, ఆ డబ్బులోంచి ముందు ఈ పని చేయించండి. ఆ హోదాను ఇన్నాళ్లూ మోసింది మేమే.

ఇవేవీ కుదరవంటే, కనీసం కుదరవని రాతపూర్వకంగా చెప్పండి. రసీదు నంబరు వద్దు, సంబంధిత విభాగమూ వద్దు. ఏ సెక్షన్ కింద కుదరదో ఒక వాక్యం రాసి, కింద ఎవరిదైనా సంతకం పెట్టించి పంపండి. స్కీము సభ నోటీసు ఈలోగానే వచ్చేలా ఉంది, కాబట్టి కాస్త త్వరగా.

ఇట్లు,
పది శాతం లేని ఒక వాటాదారు