కారు డోరు గుంజకు బిడ్డా

మిర్యాలగూడ

బిడ్డా,

నిన్న వీడియో కాల్‌లో మీ అమెరికా మంచుకు కారు డోరు గడ్డకట్టి రాలేదని, డ్యూటీకి లేటయిందని చెబుతూ, హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని గుంజానని అన్నావు. అప్పటి నుంచి నా మనసంతా ఆ హ్యాండిల్ మీదే ఉంది. ఫోన్‌లో చెబితే "సరే నాయినా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నా. డ్యూటీ లేని రోజు తీరిగ్గా చదువు.

డోరు రాలేదంటే అందులో రెండు రకాలుంటాయి. రిమోట్ నొక్కినప్పుడు లోపల 'టక్'మని చప్పుడు వచ్చిందా? వస్తే లాక్ తెరుచుకున్నట్టే, డోరును పట్టుకున్నది బీడింగ్. డోరు చుట్టూ ఉండే ఆ నల్ల రబ్బరు మీదికి పగలు కరిగిన మంచు నీళ్లు దిగుతాయి. రాత్రి గడ్డకట్టి రబ్బరును బాడీకి అతికించేస్తాయి. చప్పుడు రాక, కీ పెట్టినా తిరగకపోతే నీళ్లు లాక్ లోపలికి పోయాయన్నమాట. కీ గాట్లను బట్టి లేచి దిగే సన్నటి ఇత్తడి రేకులు అందులో వరుసగా ఉంటాయి, ఒక్కోదానికి వెంట్రుకంత స్ప్రింగు. వాటి మధ్య ఒక్క చుక్క గడ్డకట్టినా చాలు, కదలవు. అప్పుడు బలం పెట్టి తిప్పితే కీ విరిగి సగం లోపలే ఉంటుంది. విరిగిన కీ ముక్కను లాక్‌లోంచి తీయడం ఎంత లొల్లి పనో మా మెకానిక్ షెడ్డులో ఎవరిని అడిగినా చెబుతారు.

బీడింగ్ పట్టుకుంటే గుంజకు, నెట్టు. డోరు అంచుల మీద అరచేతులు ఆనించి, పైనా కిందా, ఒళ్లు బరువు వేసి లోపలికి అదుము. ఆ పలుచటి మంచు పగుళ్లిస్తుంది. తర్వాత మెల్లగా లాగితే వస్తుంది. చలికి ప్లాస్టిక్ పెళుసవుతుంది కాబట్టి గుంజితే ముందు హ్యాండిల్ పోతుంది. హ్యాండిల్ నిలబడితే బీడింగ్ చిరుగుతుంది. అది చిరిగితే చలికాలమంతా కారులోకి గాలీ నీళ్లూ వస్తూనే ఉంటాయి. ఆ డోరు రాకపోతే మిగతా మూడూ చూడు, డిక్కీ కూడా చూడు. ఏదో ఒకటి వస్తుంది. లోపలికి దూరి ఇంజను స్టార్ట్ చేసి హీటర్ వేస్తే అన్నీ వదులుతాయి.

కానీ స్టార్ట్ చేసే ముందు వెనక్కి వెళ్లి సైలెన్సర్ పైపు చూడు. మంచు దాన్ని మూసేసి ఉంటే కాలితోనో పారతోనో తోసెయ్యి. పైపు మూసుకుపోతే పొగ కారులోకే తన్నుకొస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మనిషి నిద్రలోనే పోతాడు. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజను నడపొద్దన్నదీ ఇందుకే. ఈ ఉత్తరంలో వేరే ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకు.

ఇక లాక్ సంగతి. అక్కడ షాపుల్లో లాక్ డీ-ఐసర్ అని చిన్న స్ప్రే దొరుకుతుంది. అందులో ఉండేది ఆల్కహాల్. నీళ్లు 0 డిగ్రీల దగ్గరే గడ్డకడితే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మైనస్ 89 దాకా గడ్డకట్టదు. అందుకే మంచును కరిగిస్తుంది. రంధ్రంలో కొట్టి, కాసేపాగి, కీని పెట్టి తీసి మెల్లగా తిప్పు. ఆ డబ్బా కోటు జేబులోనో ఇంట్లోనో పెట్టుకో. చాలామంది దాన్ని కారులోనే పెట్టి డోరు లాక్ చేస్తారట, నవ్వొచ్చింది! స్ప్రే లేని పూట చేతులకు రాసుకునే శానిటైజర్ కీకి పూసి పెట్టినా పని నడుస్తుంది. స్ప్రే కొట్టిన చోట లైటర్ వెలిగించకు, అంటుకుంటుంది. లైటర్‌తో కీని కాల్చడం కూడా వద్దు, చాలా కీల తలలో చిప్ ఉంటుంది, పాడవుతుంది.

వేడి నీళ్లు మాత్రం పోయకు. ఆ క్షణానికి డోరు రావచ్చు. కానీ అవే నీళ్లు సందుల్లోకి దిగి మళ్లీ గడ్డకడతాయి, చల్లటి అద్దం మీద పడితే అద్దం పగలొచ్చు. నోటితో ఊదినా తేమే చేరుతుంది. డీప్ ఫ్రీజర్‌లోని ఐస్ ట్రేకు తడి వేళ్లు అంటుకున్నట్టు ఆ ఇనుముకు పెదవి అంటుకుంటుంది, జాగ్రత్త.

ఒక్కోసారి డోరు తెరుచుకుంటుంది గానీ మళ్లీ పడదు, ఎంత వేసినా వెనక్కి వస్తుంది. కొక్కెం తెరిచిన చోటే గడ్డకట్టిందన్నమాట. చేత్తో పట్టుకుని బండి నడపాలని చూడకు. అక్కడా ఆ స్ప్రేనే కొట్టు, హీటర్ వేసి ఆగు.

నన్నడిగితే ఇదంతా పొద్దున చేసే పని కాదు, ముందు రోజు సాయంత్రానిది. మన దగ్గర మే నెలలో ఎండకు ఇదే బీడింగ్ మెత్తబడి బాడీకి అంటుకుంటుంది. సాగర్ రోడ్డు మీద రోజంతా ఎండలో నిలబడ్డ కార్లు ఎన్ని రావు మా దగ్గరికి! అక్కడ మంచు, ఇక్కడ ఎండ, బీడింగ్‌కు కావాల్సింది ఒకటే: శుభ్రంగా తుడిచి, పొడి గుడ్డతో సిలికాన్ స్ప్రే రాయడం. వాజెలిన్ గానీ గ్రీజు గానీ వద్దు, పెట్రోలియం సరుకు ఆ రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది. లాక్‌లో కూడా ఇంజనాయిలు పోయకు. మన షట్టర్ తాళాలకు పోస్తాం గానీ, అక్కడి చలికి అది చిక్కబడి ఇంకా బిగుసుకుంటుంది. గ్రాఫైట్ పొడి కొంచెం ఊది వదిలెయ్యి. నూనె, గ్రాఫైట్ రెండూ కలిపావో, బురదే.

రోడ్ల మీద ఉప్పు చల్లుతారని వాటర్ సర్వీసింగ్ చేయిస్తున్నావు కదా, మంచిదే, లేకపోతే బాడీ తుప్పు పడుతుంది. కాకపోతే కడిగించగానే అన్ని డోర్లూ తెరిచి బీడింగులు తుడువు, లాక్‌లు తిప్పి చూడు. రిమోట్‌లో సెల్లు కూడా చలికి బలం తగ్గుతుంది, కొత్తది ఒకటి ఇంట్లో ఉంచు. ఆ రిమోట్ లోపలే ఇనుప కీ దాగి ఉంటుంది, ఎలా తీయాలో ఇప్పుడే చూసుకో.

మనకు శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. నువ్వుండే మినియాపొలిస్‌లో మార్చిలోనూ మంచు పడుతుందని నువ్వే అన్నావు. కాబట్టి సంక్రాంతి దాటగానే సిలికాన్ డబ్బా అటక మీద పడెయ్యకు.

నువ్వు గుంజిన డోరు బీడింగ్ నాలుగు మూలలా దగ్గరగా ఫోటోలు తీసి పెట్టు, ఎక్కడైనా చిరిగిందేమో చూస్తాను. హ్యాండిల్ లాగితే వదులుగా ఉందా, ముందులాగే ఉందా అన్నది కూడా రాయి.

మీ నాయిన