వీల్‌చైర్ ఎవరి బాధ్యతో తేల్చండి మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. వికలాంగ ప్రయాణికుల కోసం మీ శాఖ రాసిన రూల్స్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2008లో ఇచ్చిన నిబంధనలు, ఆ తర్వాతి సవరణలు చదివితే ముచ్చటేస్తుంది. వైకల్యం ఉందని విమానం ఎక్కనివ్వకపోవడం కుదరదు. ముందుగా చెబితే చాలు, టెర్మినల్ నుంచి విమానం దాకా, దిగాక మళ్లీ బయటి గేటు దాకా ఎయిర్‌లైన్ సాయం చేయాలి, అందుకు అదనంగా పైసా తీసుకోకూడదు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

కాకపోతే ఆ రూల్స్‌కు పదును ఎప్పుడెప్పుడు వచ్చిందో ఒకసారి చూడండి. 2012 ఫిబ్రవరిలో సెరిబ్రల్ పాల్సీ (కండరాలు అదుపులో ఉండని మెదడు సమస్య) ఉన్న జీజా ఘోష్‌ను కోల్‌కతాలో స్పైస్‌జెట్ విమానం నుంచి దించేశారు. ఆవిడ గోవాలో ఒక సదస్సుకు బయల్దేరారు. 2014లో నిబంధనలు సవరించారు. 2016లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇప్పించింది. 2022 మేలో రాంచీలో ఇండిగో ఒక దివ్యాంగ బాలుణ్ణి ఎక్కించుకోలేదు. 5 లక్షల జరిమానా పడింది. ఆ తర్వాతే, డాక్టర్ స్వయంగా చూడకుండా ఎవరినీ ప్రయాణానికి పనికిరారని తేల్చకూడదన్న సవరణ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ముంబైలో ఎయిరిండియా విమానం దిగిన 80 ఏళ్ల పెద్దాయన, వీల్‌చైర్లు సరిపోక, భార్య కూర్చున్న కుర్చీ పక్కనే నడుస్తూ వెళ్లి కుప్పకూలి చనిపోయారు. 30 లక్షల జరిమానా వేశారు. ఎవరో ఒకరు బలైతేగానీ ఫైలు కదలదా అనిపిస్తుంది.

నేను వీల్‌చైర్ మీదే తిరిగే మనిషిని. నా బాధ ఏమిటంటే, నా ప్రయాణానికి మొత్తంగా జవాబుదారీ అయిన మనిషి ఒక్కరూ ఉండరు. టికెట్‌తో పాటు వీల్‌చైర్ అడుగుతాను. అయినా కౌంటర్ దగ్గర "మాకు మెసేజ్ రాలేదండీ" అంటారు. కుర్చీ తోసే కుర్రాడు ఏదో కాంట్రాక్టరు మనిషి. సెక్యూరిటీ దగ్గర సీఐఎస్ఎఫ్ వారి పద్ధతి వారిది. మెట్లెక్కలేని వాళ్లను పైకి లేపే అంబులిఫ్ట్ ఒకచోట ఎయిర్‌పోర్టుది, మరోచోట ఇంకో ఏజెన్సీది. దిగిన ఊళ్లో మళ్లీ కొత్త కాంట్రాక్టరు. ఎక్కడ ఆగిపోయినా, తప్పు అవతలివాడిదే. పాపం, ఆ తోసే కుర్రాడిని తిట్టి లాభం లేదు. నాకు ఎయిర్‌పోర్టుల్లో ఎదురైన మర్యాదలో సగం అలాంటి వాళ్ల దగ్గర దొరికిందే.

యూరప్‌లో 2008 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న చట్టం ఈ చిక్కుముడిని విప్పింది. అక్కడ ఈ సాయం బాధ్యత ఎయిర్‌పోర్టు యాజమాన్యానిది. దానికయ్యే ఖర్చును, వచ్చే ప్రయాణికుల సంఖ్యను బట్టి, అన్ని ఎయిర్‌లైన్స్ దగ్గరా వసూలు చేస్తారు. వికలాంగులను తక్కువగా ఎక్కించుకుంటే డబ్బు మిగులుతుందనే ఆశ ఏ కంపెనీకీ ఉండదు. మన దగ్గర కూడా ఒక్క సంస్థ చేతిలో పెట్టండి. అది ఎయిర్‌పోర్టే కావాలని నా పట్టు కాదు, ఎవరో ఒకరని తేలితే చాలు.

ఇక వీల్‌చైర్ల క్యూ గురించి. ఇది మన తెలుగువాళ్లం కాస్త మొహమాటం వదిలి మాట్లాడుకోవాల్సిన సంగతి. హైదరాబాద్ నుంచి డాలస్‌కో, న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల్లో చాలామందికి కాళ్లు బాగానే ఉంటాయి. వాళ్లకు ఇబ్బంది ఇంగ్లీషుతో. దుబాయ్‌లోనో, దోహాలోనో విమానం మారాలి, ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగినదానికి జవాబు చెప్పాలి, గేటు మారిందని అనౌన్స్ చేస్తే అర్థం కావాలి. అందుకే అక్కడి కొడుకో కూతురో టెన్షన్ పడలేక "వీల్‌చైర్ పెట్టేశాను, వాళ్లే తీసుకెళ్తారు" అంటారు. తోడు మనిషి దొరకడానికి వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే. నేను వాళ్లను తప్పుపట్టను. కానీ దాని ఫలితం? లేచి నాలుగడుగులు వేయలేని మనిషి, నడవగలిగిన ఇరవై మంది వెనక కూర్చుని ఎదురుచూడాలి.

వీల్‌చైర్‌కు డబ్బులు పెడితే ఈ రద్దీ తగ్గుతుందనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తోంది. తొందరపడకండి. గుండె జబ్బు, కీళ్లవాతం పైకి కనిపించవు. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి మొహం చూసి ఎవరు నిజమో ఎవరు నాటకమో తేల్చే పరిస్థితి వస్తుంది. దానికన్నా, కుర్చీ లేకుండా తోడు మాత్రం వచ్చే సేవను టికెట్ బుక్ చేసే పేజీలోనే విడిగా పెట్టించండి. పదిమందిని ఒకేసారి నడిపించుకుపోయే తెలుగు తెలిసిన మనిషి ఒకరుంటే పది కుర్చీలు మిగులుతాయి. ఈ సేవకు ఓ మోస్తరు రుసుము పెట్టినా పిల్లలు సంతోషంగా కడతారు. అలాగే, ఇష్టపడిన వాళ్లకు, ప్రభుత్వం వికలాంగులకిచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీని బుకింగ్‌తో కలిపే వీలు ఇస్తే, ప్రతిసారీ ఫోన్‌లో నా శరీరం గురించి మొదటి నుంచి చెప్పుకోవాల్సిన పని తప్పుతుంది.

నా సొంత కుర్చీ సంగతి వేరు. అది నా నడుముకు, నా కాళ్ల కొలతకు చేయించుకున్నది. లోడర్లకు మాత్రం అది కూడా ఒక సూట్‌కేసే. ఒకసారి ఫుట్‌రెస్ట్ వంగిపోయి బెల్టు మీద వచ్చింది. ఎయిర్‌లైన్ వాళ్లు లగేజీ ఫారం చేతికిచ్చారు. దేశంలో తిరిగే విమానాల్లో లగేజీ పాడైతే ఇచ్చే పరిహారానికి పరిమితి 20,000 రూపాయలు. మోటారు వీల్‌చైర్లు లక్ష దాటి ఉంటాయి. అమెరికాలో దేశీయ విమానాల్లో వీల్‌చైర్ పాడైతే, పరిహారానికి ఆ కుర్చీ అసలు కొన్న ధరే లెక్క. మన దగ్గర కూడా కుర్చీని లగేజీ లెక్కలోంచి తీసేయండి. విమానం తలుపు దగ్గర తీసుకుని మళ్లీ తలుపు దగ్గరే ఇవ్వాలని కచ్చితం చేయండి. బ్యాటరీల గోల కూడా తీర్చండి. ఊడదీసే లిథియం బ్యాటరీ ఒక్కటైతే 300 వాట్ అవర్ల సామర్థ్యం, రెండైతే ఒక్కోటి 160 దాకా అంతర్జాతీయ నియమాలు ఒప్పుకుంటాయి. కౌంటర్‌లో ఆ లెక్క తెలిసినవాళ్లు లేకపోతే విమానం వెళ్లిపోయేదాకా వాదనే.

కృత్రిమ కాలు తీసి చూపించమనే అవమానం గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. 2021లో, కృత్రిమ కాలుతో నాట్యం చేసే నటి సుధా చంద్రన్ గారు వీడియోలో కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పారు, సీఐఎస్ఎఫ్ క్షమాపణ కూడా చెప్పింది.

మాట్లాడటానికి అందరూ సిగ్గుపడేది ఇంకొకటుంది. నాలాంటి చాలామంది ప్రయాణం ముందు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. మన దేశీయ రూట్లలో తిరిగే, మధ్యలో ఒకే నడవ ఉండే చిన్న విమానాల టాయిలెట్‌లోకి మాకు ప్రవేశం లేదు కాబట్టి. 2023లో ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అవి పాతికేళ్లు ఎగురుతాయి. రెండు టాయిలెట్ల మధ్య గోడ తీసి ఒకటిగా వాడుకునే ఏర్పాటు ఎయిర్‌బస్ దగ్గర ఇప్పటికే ఉంది. అమెరికా 2023లోనే, భవిష్యత్తులో వచ్చే ఇలాంటి విమానాల్లో వీల్‌చైర్ మనిషికి సరిపడే టాయిలెట్ ఉండాలని రూల్ చేసింది, గడువు చాలా దూరం పెట్టినా సరే. మీరు ఇప్పుడు అడగకపోతే, తయారైన విమానాల్లో గోడలు పగలగొట్టమని ఎవరూ అడగలేరు.

భోగాపురం విమానాశ్రయం మీద మీకున్న మమకారం అందరికీ తెలుసు. అక్కడ వీల్‌చైర్ మీద తిరిగేవారిని, చూపు లేనివారిని, చెవులు వినిపించనివారిని ఒకరోజంతా తిప్పి చూడండి. పార్కింగ్ నుంచి సీటు దాకా, ఆఫీసర్లు పక్కన లేకుండా.

డీజీసీఏ నెలనెలా ఏ ఎయిర్‌లైన్ విమానాలు ఎంతవరకు వేళకు నడిచాయో లెక్క వేసి ప్రకటిస్తుంది. ఆ పట్టికలో ఇంకో రెండు గడులు చేర్చమని ఆదేశించండి: ఎన్ని వీల్‌చైర్లు ఎక్కించారు, అందులో ఎన్ని పాడుచేశారు. అమెరికా 2018 చివరి నుంచి ఈ లెక్క ప్రకటిస్తోంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే నెల రిపోర్టులోనే పెట్టొచ్చు.

ఇట్లు,
వీల్‌చైర్ మీద తిరిగే ఒక విశ్రాంత టీచర్,
రాజమహేంద్రవరం