మూలపడిన ఫిలిం కెమెరాలను మా తరగతి గదులకు ఇప్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడిని. ఫొటో స్టూడియోల బీరువాల్లోనూ, ప్రభుత్వ కార్యాలయాల స్టోరు గదుల్లోనూ మూలపడి ఉన్న పాత ఫిలిం కెమెరాలు కాంతి పాఠాల కోసం ఉన్నత పాఠశాలలకు అందేలా ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా ఊరి స్టూడియో యజమాని ఒకాయన తన పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాను (ఫొటో తీసే కటకం, అంటే లెన్సు గుండానే దృశ్యాన్ని చూపే రకం) బడికి ఇచ్చారు. దాని వెనుక తలుపు తెరిచి, ఫిలిం ఉండే చోట ట్రేసింగ్ కాగితం అతికించి, షట్టర్‌ను ‘బి’ (మీట నొక్కినంతసేపూ తెరిచే ఉండే అమరిక) మీద పెట్టి, మీట నొక్కిపట్టి కిటికీ వైపు తిప్పాను. కిటికీ చువ్వలు, వాటి వెనుక వేపచెట్టు, ఊగుతున్న కొమ్మలతో సహా, తలకిందులుగా ఆ చిన్న కాగితం మీద పడ్డాయి. ‘తలకిందులైన నిజ ప్రతిబింబం’ అన్న మాటను అంతవరకు పరీక్ష కోసం వల్లెవేసిన పిల్లలు, ఒకసారి చూసి వెళ్లినవాళ్లే మళ్లీ వచ్చి వరుసలో నిలబడ్డారు.

కొవ్వొత్తి, కుంభాకార కటకం, తెర మా దగ్గర ఉన్నాయి, ఆ ప్రయోగం చేయిస్తూనే ఉన్నాము. అయితే కెమెరా కటకం చుట్టూ దూరాలు చెక్కి ఉంటాయి, నాభ్యంతరం (ఫోకల్ లెంత్) ముందే రాసి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల కటకానికి వస్తువు ఒక మీటరు దూరంలో ఉంటే ప్రతిబింబ దూరం ఎంతో కటక సూత్రంతో లెక్క కట్టమంటే పిల్లలకు 52.6 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ తర్వాత ఫోకస్ రింగును అనంతం గుర్తు నుంచి ఒక మీటరు గుర్తుకు తిప్పి, కటకం ఎంత ముందుకు జరిగిందో స్కేలుతో కొలవమంటాను. రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు తేలుతుంది. నల్లబల్ల మీది సూత్రం తమ వేళ్ల కింద కదిలే లోహపు రింగుగా మారడం వాళ్లు చూస్తారు.

కంటి పాఠానికి కూడా ఇదే ఆధారం. కన్ను కెమెరా లాంటిదని అందరం చెబుతాము, కానీ తేడా ఎక్కడుందో చెప్పడం మరచిపోతాము. కెమెరా కటకాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుంది, కన్ను సిలియరీ కండరాలతో తన కటకం నాభ్యంతరాన్నే మార్చుకుంటుంది. కాంతి వచ్చే రంధ్రాన్ని చిన్నది చేసే అపెర్చర్ రేకులు ముడుచుకోవడం చూపిస్తే, కంటిపాపను చిన్నదిగా, పెద్దదిగా చేసే ఐరిస్ పని వేరుగా వివరించనక్కరలేదు.

మా కష్టం చిన్నదే. విరాళంగా వచ్చిన కెమెరాను స్టాకు రిజిస్టరులో ఏ పేరుతో రాయాలో, పాడైతే ఎవరు బాధ్యులో తెలియక ప్రధానోపాధ్యాయులు వెనుకాడుతున్నారు. కాబట్టి ఇలాంటి విరాళాలను స్వీకరించే అధికారం వారికి స్పష్టంగా ఇవ్వండి. ఫొటోలు తీయించే ప్రభుత్వ శాఖల్లో వాడకం నుంచి తొలగించిన ఫిలిం కెమెరాలు ఇంకా ఉంటే, వాటిని తుక్కుగా వేలం వేయకముందే బడులకు కేటాయించండి. షట్టర్ పనిచేయకపోయినా, కటకం మీద కొంత బూజు పట్టినా మాకు పనికొస్తాయి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఫ్లాష్ ఉన్న కెమెరాల్లోని కెపాసిటర్ సుమారు 300 వోల్టుల వరకు చార్జ్ అవుతుంది, బ్యాటరీ తీసేసిన తర్వాత కూడా షాక్ కొట్టగలదు. అందువల్ల అలాంటివాటిని విప్పకూడదనీ, ఏ కెమెరానూ సూర్యుడి వైపు తిప్పి చూడకూడదనీ ఉత్తర్వులోనే రాయించండి. ఉపాధ్యాయుల వేసవి శిక్షణలో ఇందుకు ఒక పూట కేటాయిస్తే చాలు.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఈ ఉత్తర్వు వస్తే, వచ్చే ఏడాది పదో తరగతి పిల్లలు కాంతి పాఠాన్ని కెమెరా చేతపట్టుకుని మొదలుపెట్టగలుగుతారు.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు