నిషేధపత్రంలో మిగిలిన ప్రష్యన్లు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. బాల్టిక్ తీరపు ప్రాచీన జాతుల మీద మీ బృందం తీస్తున్న డాక్యుమెంటరీకి నువ్వు రాసిన వ్యాఖ్యానాన్ని శ్రద్ధగా చదివాను. ట్యుటానిక్ యోధుల, అంటే జర్మన్ క్రైస్తవ సైనిక సంఘం వారి, కోటలకూ దండయాత్రలకూ అందులో చాలా చోటు దక్కింది గాని, వారు ఎవరి మీదికి వచ్చారో ఆ ప్రష్యన్లు, ఆ తీరపు పాత బాల్టిక్ జాతివారు, మాత్రం కేవలం ఓడిపోవడానికే తెర మీదికి వచ్చినట్టున్నారు. వారి గురించి ఆధారాలు లేవని రాశావు. ఉన్నాయి తల్లీ. కాకపోతే అవి ప్రష్యన్లు రాసుకున్నవి కావు, బయటివాళ్లూ లొంగదీసినవాళ్లూ రాసినవి.

1249లో క్రీస్ట్‌బుర్గ్‌లో పోప్ ప్రతినిధి మధ్యవర్తిగా ఒక ఒప్పందం కుదిరింది. ఆ ఊరు నేడు ఉత్తర పోలండ్‌లో ఉంది. మతం మారిన ప్రష్యన్లకు ఆస్తి, వారసత్వం, వర్తకం వంటి హక్కులిస్తూ, బదులుగా ఏమేమి మానుకోవాలో అందులో వివరంగా రాశారు. చనిపోయినవారిని గుర్రాలతో, ఆయుధాలతో కలిపి దహనం చేయకూడదు. ఏటా పంట ఇంటికి చేరాక కుర్కో అనే దేవుడి బొమ్మను చేసి కొలవకూడదు. అంత్యక్రియల్లో నిలబడి, పోయినవాడు మెరిసే ఆయుధాలతో, చేతి మీద డేగతో, గుర్రమెక్కి ఆకాశంలో సాగిపోతుండగా కళ్లారా చూశామని చెప్పే పురోహితులను దగ్గర ఉంచుకోకూడదు. ఆ ఆరాధనను రూపుమాపడానికి రాసిన పత్రమే దాన్ని ఇంత దగ్గరగా మనకు చూపిస్తోంది. నా అభిప్రాయంలో నీ చిత్రానికి గుండెకాయ ఈ పత్రమే. యుద్ధ సన్నివేశాలను సగానికి తగ్గించి అయినా సరే, దీన్ని నిదానంగా చదివించు.

దీని పక్కనే తొమ్మిదో శతాబ్దం చివర ప్రష్యన్ల తీరంలోని ట్రూసో రేవుకు వెళ్లిన వుల్ఫ్‌స్టాన్ అనే నావికుడి కథనాన్ని ఉంచు. చనిపోయిన మనిషిని నెల, ఒక్కోసారి రెండు నెలలు ఇంట్లోనే ఉంచేవారనీ, అన్నాళ్లూ బంధువులు తాగుతూ ఆటలాడుతూ గడిపేవారనీ, దహనం రోజున మిగిలిన ఆస్తిని ఐదారు కుప్పలుగా దారి పొడవునా పెట్టి, అన్నిటికన్నా పెద్ద కుప్పను ఊరికి అన్నిటికన్నా దూరంగా ఉంచి, గుర్రప్పందెంలో ముందు చేరినవాడికి దాన్ని ఇచ్చేసేవారనీ ఆయన చెప్పాడు. మూడున్నర శతాబ్దాల ఎడం ఉన్న ఈ రెండు సాక్ష్యాల్లోనూ చితి, గుర్రం కనిపిస్తున్నాయి. ఒక ఆచారం ఎంత గట్టిగా నిలిచిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ట్యుటానిక్ యోధుల మీద ప్రష్యన్లు లేవదీసిన 1260 తిరుగుబాటును నువ్వు బాగానే రాశావు. ప్రష్యన్ నాయకుడు హెర్కుస్ మాంటే చిన్నతనంలో బందీగా మాగ్డెబుర్గ్ వెళ్లి చదువుకుని, తిరిగి వచ్చి తన వాళ్లకు నాయకత్వం వహించిన సంగతిని ఇంకో రెండు వాక్యాలు పెంచవచ్చు.

ఒక్కటి మాత్రం తప్పక సవరించు. క్రీస్ట్‌బుర్గ్ ఒప్పందంతో బాల్టిక్ పాత మతమే ముగిసిందన్నావు. లిథువేనియా 1387లో గాని, దాని పశ్చిమాన ఉన్న జెమైతియా ప్రాంతం 1413లో గాని అధికారికంగా క్రైస్తవం స్వీకరించలేదు. 1377లో మరణించిన లిథువేనియా మహారాజు అల్గిర్దాస్‌ను గుర్రాలతో సహా దహనం చేశారు. క్రీస్ట్‌బుర్గ్‌లో నిషేధించిన కర్మ, ఆ తర్వాత 128 ఏళ్లకు, పొరుగు దేశంలో రాజలాంఛనాలతో జరిగింది. సవరించిన ప్రతిని రికార్డింగ్‌కు ముందే పంపు, తేదీలన్నీ మరొకసారి సరిచూస్తాను.

ఇట్లు,
నాన్న